షెవీ 350 ఇంజిన్‌కు పుష్‌రాడ్ పొడవు కొలిచే పద్ధతి

ఇంజిన్ విప్పి కొత్తగా కట్టుకునేవాళ్లు పిస్టన్ల గురించి, క్యామ్ గురించి, హెడ్ల గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. పుష్‌రాడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "స్టాక్ సైజు సెట్ ఒకటి పంపండి" అని ఆర్డర్ పెట్టేస్తారు. నన్ను బాగా బాధపెట్టే అలవాటు ఇది. క్యామ్ మీది ఉబ్బు లిఫ్టర్‌ను ఎత్తుతుంది, లిఫ్టర్ పుష్‌రాడ్‌ను పైకి తోస్తుంది, పుష్‌రాడ్ రాకర్ అనే చేతిని ఊపుతుంది, రాకర్ వాల్వ్‌ను తెరుస్తుంది. ఆ పదహారు సన్నని గొట్టాల పొడవు తేడాగా ఉంటే రాకర్ వాల్వ్‌ను కిందికి నొక్కే బదులు పక్కకు తోస్తుంది. వాల్వ్ కాడ జారే గొట్టాలు, అంటే వాల్వ్ గైడ్లు ఓవల్‌గా అరుగుతాయి, సీల్స్ దాటి ఆయిల్ దిగుతుంది, స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది. వేల డాలర్లు పోసి కట్టిన ఇంజిన్ హెడ్లు మళ్లీ దించాలి.

నేను డాలస్ దగ్గర ఉంటాను. మెషీన్ మీద కోసిన లోహపు భాగాల కొలతలు తనిఖీ చేయడం నా ఉద్యోగం. శని, ఆదివారాలు గ్యారేజీలో పాత షెవ్రొలే ఇంజిన్లు కడుతుంటాను. ఇక్కడ చెప్పేదంతా స్మాల్ బ్లాక్ 350 గురించే. 1955 మోడల్ కార్లలో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైన వీ8 కుటుంబం ఇది. 350 సైజు 1967 మోడల్ కమారోతో వచ్చింది. బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48. అమెరికాలో ఇంట్లో ఇంజిన్ కట్టడం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దీనితోనే మొదలుపెడతారు. కొలతలన్నీ అంగుళాల్లోనే ఇస్తాను, ఎందుకంటే సామానంతా ఆ లెక్కలోనే దొరుకుతుంది. అంగుళంలో వెయ్యో వంతును లేత్ షెడ్లలో మనం కూడా థౌ అనే అంటాం కాబట్టి ఇబ్బంది ఉండదు.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. పుష్‌రాడ్ పొడవు వల్ల ఏం మారుతుందనేది రాకర్ దేని మీద కూర్చుందో దాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ విప్పినవాళ్లకు గుర్తుంటుంది, దాంట్లో రాకర్లన్నీ ఒకే షాఫ్ట్ మీద వరసగా ఉంటాయి. షాఫ్ట్ ఎత్తు మారదు. వాల్వ్ మూసి ఉన్నప్పుడు రాకర్ ఏ కోణంలో ఉండాలో షాఫ్ట్, వాల్వ్ కొన కలిసి తేల్చేస్తాయి. పుష్‌రాడ్ కాస్త పొడవైనా పొట్టిదైనా అడ్జస్టింగ్ స్క్రూ ఎక్కువో తక్కువో బయటికి వస్తుంది, అంతే. షెవీ 350లో అలా కాదు. ప్రతి రాకర్‌కూ విడిగా ఒక స్టడ్, అంటే హెడ్‌లో నిలబెట్టిన మర కడ్డీ ఉంటుంది, రాకర్ ఆ స్టడ్ మీద పైకీ కిందికీ జరగగలదు. పుష్‌రాడ్ పొడవు పెంచితే రాకర్ మొత్తం పైకి లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. అంటే రాకర్ కోణాన్ని నిర్ణయించేది పుష్‌రాడ్డే. 1997 నుంచి వచ్చిన ఎల్ఎస్ ఇంజిన్లది (షెవ్రొలే తర్వాతి తరం వీ8లు) మూడో రకం. అక్కడ రాకర్ బోల్టును 22 పౌండ్-ఫీట్ టార్క్‌తో బిగించేస్తారు, అడ్జస్ట్‌మెంట్ అంటూ ఉండదు. కాబట్టి ఆయిల్ ఒత్తిడితో సందు తానే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్ లోపలి ప్లంజర్ ఎంత నొక్కుకోవాలో పుష్‌రాడ్ పొడవే తేల్చాలి. మూడు ఇంజిన్లకూ ఒకే సలహా చెప్పేవాళ్ల మాట వినకండి.

350కి ఫ్యాక్టరీ పుష్‌రాడ్ సుమారు 7.8 అంగుళాలు. ఇది లిఫ్టర్ అడుగు చదునుగా ఉండే పాత ఫ్లాట్ ట్యాపెట్ రకానికి. 1987 నుంచి అడుగున చక్రం ఉండే ఫ్యాక్టరీ రోలర్ లిఫ్టర్లు వచ్చాయి, అవి ఎత్తుగా ఉంటాయి కాబట్టి పుష్‌రాడ్ 7.2 దగ్గరికి తగ్గింది. ఈ రెండు అంకెలూ ఏ కత్తీ తగలని ఇంజిన్‌కు మాత్రమే పనికొస్తాయి. బ్లాక్ పైభాగం పది థౌ కోయించారనుకోండి, హెడ్డూ దానితోపాటు స్టడ్లూ వాల్వులూ పది థౌ కిందికి దిగుతాయి, పుష్‌రాడ్ అంత పొట్టిది కావాలి. హెడ్ కోయించినా ఇంతే. గ్యాస్కెట్ మందం పెరిగితే పొడవు పెరగాలి. పాత స్టీల్ షిమ్ గ్యాస్కెట్ 15 థౌ ఉంటే ఇప్పటి కాంపోజిట్ రకం నొక్కుకున్నాక 39 నుంచి 41 థౌ ఉంటుంది. వాల్వ్ సీట్లు లోతుగా కోస్తే వాల్వ్ కొన అంత పైకి లేస్తుంది, అప్పుడూ పొడవు పెరగాలి. బయట కొన్న అల్యూమినియం హెడ్లలో 100 థౌ పొడవైన వాల్వులు ఉండడం మామూలే. ఇక అందరూ మరిచిపోయేది క్యామ్ బేస్ సర్కిల్, అంటే ఉబ్బు లేని గుండ్రటి భాగం. లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే దూరం) ఎక్కువ ఉన్న క్యామ్‌కు, రీగ్రైండ్ చేసిన, అంటే మళ్లీ సాన పట్టిన క్యామ్‌కు బేస్ సర్కిల్ చిన్నదవుతుంది, లిఫ్టర్ ఆ మేరకు కిందికి దిగి కూర్చుంటుంది, కాబట్టి పొడవు పెరగాలి.

ఈ కూడికలూ తీసివేతలూ కాగితం మీద వేసుకోవడం మంచిదే. మా 1978 పికప్ ఇంజిన్‌కు వేసిన లెక్క ఇది: మొదట 7.794. వాల్వులకు 0.100, గ్యాస్కెట్ తేడాకు 0.024, క్యామ్‌కు 0.030 కలిపి, బ్లాక్ కోసినందుకు 0.010 తీసేస్తే 7.938. ఏ సైజు దగ్గర వెతకాలో ఈ అంకె చెబుతుంది. దాన్ని పట్టుకుని ఆర్డర్ పెట్టకూడదు. ఎందుకంటే రేకుతో ఒత్తిన ఫ్యాక్టరీ రాకర్ తీసేసి, కొనలో చిన్న చక్రం ఉన్న రోలర్ రాకర్ పెట్టినప్పుడు కప్పు ఎత్తు, ఇరుసు ఎత్తు కంపెనీకో రకంగా ఉంటాయి. ఆ తేడా ఏ కేటలాగులోనూ దొరకదు.

కొలవడానికి కావలసినవి ఎక్కువేమీ లేవు. పొడవు మార్చుకోగలిగే చెకింగ్ పుష్‌రాడ్ ఒకటి ముఖ్యం. రెండు ముక్కలుగా ఉండి మధ్యలో మరతో తిరుగుతుంది. మర అంగుళానికి 20 చుట్లు ఉన్న రకంలో ఒక చుట్టు తిప్పితే 50 థౌ మారుతుంది. బలం లేని చెకింగ్ స్ప్రింగులు రెండు, నల్ల పర్మనెంట్ మార్కర్, మాగ్నెట్ స్టాండుతో డయల్ గేజ్, 12 అంగుళాల వెర్నియర్, క్రాంక్ తిప్పడానికి పొడవైన రెంచ్ ఉంటే చాలు. మార్కర్ బదులు ఫిట్టర్లు వాడే నీలం రంగు పూసినా సరే.

లిఫ్టర్ విషయంలో జాగ్రత్త కావాలి. హైడ్రాలిక్ లిఫ్టర్ లోపల ప్లంజర్ ఒక చిన్న స్ప్రింగ్ మీద ఉంటుంది. ఆయిల్ నిండని లిఫ్టర్ మీద అసలు వాల్వ్ స్ప్రింగ్ బలం పడితే ప్లంజర్ అడుగుకు కూరుకుపోతుంది, మీ కొలత మొత్తం తప్పుతుంది. చెకింగ్ స్ప్రింగ్ వేసినా కొన్ని లిఫ్టర్లలో ప్లంజర్ కాస్త కదులుతుంది. అందుకే నేను అదే సెట్టులోని ఒక లిఫ్టర్ క్లిప్ తీసి, లోపలి స్ప్రింగ్ బదులు సన్నని వాషర్లు పేర్చి, ప్లంజర్ పైన క్లిప్‌కు ఆనుకునేలా చేసి పెట్టుకుంటాను. ఇక అది గట్టి లిఫ్టర్ కింద లెక్క. పని అయ్యాక వాషర్లు తీసి, కడిగి, దాని స్ప్రింగ్ దానికి పెట్టేయాలి.

హెడ్ బల్ల మీద ఉన్నప్పుడే ఒకటో సిలిండర్ రెండు వాల్వులకూ చెకింగ్ స్ప్రింగులు వేసేయండి, స్ప్రింగును వాల్వ్‌కు పట్టి ఉంచే రిటైనర్లు, లాకులు అసలైనవే వాడండి. ఒకటో సిలిండర్ అంటే డ్రైవర్ వైపు, ముందుది. టైమింగ్ చైన్ ఎక్కించి, క్యామ్ సరైన చోట కూర్చుందని చూసుకున్నాకే హెడ్ పెట్టాలి. గ్యాస్కెట్ మీరు చివరికి వాడబోయే రకమే అయి ఉండాలి, కానీ ఒకసారి నొక్కుకుపోయిన పాతది. కొత్తదాన్ని ఈ పనికి బలి చేస్తే మళ్లీ వాడకూడదు, నొక్కుకోనిది పెట్టి కొలిస్తే అంకె తప్పు వస్తుంది. ఫ్యాక్టరీ బోల్టులైతే మధ్య నుంచి బయటికి, దశలవారీగా 65 పౌండ్-ఫీట్ వరకు బిగించండి. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి ఉంచితే క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. స్టార్టర్ మోటార్ జోలికి మాత్రం పోవద్దు, చెకింగ్ పుష్‌రాడ్ అంత దెబ్బకు ఆగదు.

ఇప్పుడు లిఫ్టర్ క్యామ్ బేస్ సర్కిల్ మీద ఉండేలా చూసుకోవాలి. క్రాంక్‌ను ముందు నుంచి చూస్తే గడియారం తిరిగే దిశలో తిప్పండి. ఎగ్జాస్ట్ లిఫ్టర్ పైకి లేవడం మొదలుపెట్టగానే ఆపి, ఇంటేక్ పని చూడండి. ఇంటేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుని మళ్లీ దాదాపు మూసుకుంటున్నప్పుడు ఆపి, ఎగ్జాస్ట్ పని చూడండి. టైమింగ్ గుర్తులు చూసి ఊహించే కన్నా ఈ పద్ధతి నమ్మకమైనది, ఎంత పెద్ద క్యామ్ అయినా పనిచేస్తుంది.

వాల్వ్ కొనను కార్బ్ క్లీనర్‌తో తుడిచి మార్కర్‌తో నల్లగా పూయండి. చెకింగ్ పుష్‌రాడ్‌ను కాగితం లెక్కకు ఒక యాభై థౌ తక్కువలో పెట్టి, రాకర్ ఎక్కించి, సందు పోయేంతవరకే నట్టు దించండి. పుష్‌రాడ్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ "గట్టిపడింది" అనుకునే అలవాటు చాలామందికి ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. ఆయిల్ జిగురు వల్ల తిప్పుడు మోసం చేస్తుంది. పైకీ కిందికీ ఆడించి చూడండి, ఆట పోయిన క్షణం తెలుస్తుంది. నట్టు జరగకుండా పట్టే పాలీలాక్ స్క్రూ బిగించి, క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పితే వాల్వ్ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. రాకర్ తీసి చూడండి. నలుపు చెరిగి మెరిసే గీత ఒకటి కనిపిస్తుంది. ఈ పనికంతటికీ ఆధారం ఆ గీతే.

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. గీత వాల్వ్ కొనకు సరిగ్గా మధ్యలో ఉందా అని చూస్తారు, లేకపోతే పొడవు మారుస్తూ గీతను మధ్యకు లాగుతారు. మొదట చూడాల్సింది గీత వెడల్పు. రాకర్ ఊగుడు బల్ల లాంటిది, దాని కొన వలయంలో తిరుగుతుంది గానీ నిటారుగా దిగదు. రోలర్ మధ్యకూ రాకర్ ఇరుసుకూ కలిపి గీసిన గీత వాల్వ్‌కు లంబంగా ఉన్నప్పుడు రోలర్ స్టడ్ నుంచి అన్నిటికన్నా దూరంగా ఉంటుంది. ఆ స్థితి సరిగ్గా సగం లిఫ్ట్ దగ్గర వచ్చేలా పొడవు కుదిరితే, రోలర్ మొదటి సగంలో కొంచెం బయటికి జరిగి, రెండో సగంలో అంతే వెనక్కి వస్తుంది. ఒకటిన్నర అంగుళాల చేయి, 0.450 లిఫ్ట్ తీసుకుని లెక్కేయండి, ఆ జరుగుడు 17 థౌ మాత్రమే. అదే లంబ స్థితి వాల్వ్ మూసి ఉన్నప్పుడే వచ్చేలా పొడవు తప్పితే జరుగుడు 69 థౌ అవుతుంది. నాలుగు రెట్లు! గైడ్‌ను పక్కకు తోసేది ఈ జరుగుడే.

కాబట్టి గీత ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. రోలర్ ఆనే మందం కూడా కలుస్తుంది గనుక నలభై నుంచి అరవై థౌ, అంటే ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల గీత వస్తే నేను తృప్తి పడతాను. అన్నిటికన్నా సన్నని గీత ఇచ్చే పొడవు దగ్గర ఆ గీత మధ్య నుంచి కాస్త పక్కకు ఉంటే అలాగే వదిలేస్తాను, వాల్వ్ కొన అంచుకు మాత్రం రాకూడదు. అంచుకు వచ్చిందంటే తప్పు పుష్‌రాడ్‌లో లేదు. రాకర్ చేయి పొడవో, స్టడ్ ఉన్న చోటో, వాల్వ్ పొడవో ఆ హెడ్‌కు నప్పడం లేదని అర్థం. దాన్ని పుష్‌రాడ్‌తో సర్దబోతే గీత మధ్యకు వస్తుంది, వెడల్పు మాత్రం రెట్టింపవుతుంది.

పొడవు ఎక్కువైందా తక్కువైందా తెలుసుకోవడానికి గీత కన్నా మంచి సాక్ష్యం రోలర్ నడక. టార్చ్ వేసి, పక్కనుంచి చూస్తూ, క్రాంక్‌ను ఎవరి చేతనైనా నెమ్మదిగా తిప్పించండి. మా ఇంట్లో ఈ పని మా తమ్ముడిది. వాల్వ్ తెరుచుకుంటున్నంతసేపూ రోలర్ బయటికే, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపుకే జరుగుతూ పోతే పుష్‌రాడ్ పొట్టిది. మొదటి నుంచీ లోపలికే, స్టడ్ వైపుకే వస్తుంటే పొడవైనది. వెళ్లి, ఆగి, వచ్చి, బయల్దేరిన చోటికే చేరితే సరిపోయింది. డయల్ గేజ్ ముల్లును రిటైనర్ మీద పెట్టి చూస్తే రోలర్ వెనక్కి మళ్లింది సగం లిఫ్ట్ దగ్గరేనా అని అంకెతో సహా తెలుస్తుంది.

ఒక్కో కొలతకూ ఒక చుట్టు చొప్పున పెంచుతూ వెళ్లండి. ప్రతిసారీ రంగు కొత్తగా పూసి, పొడవు, గీత వెడల్పు, రోలర్ నడక నోట్‌బుక్‌లో రాసుకోండి. 1.5 రేషియో రాకర్‌లో, అంటే పుష్‌రాడ్ కదలికకు ఒకటిన్నర రెట్లు వాల్వ్‌ను కదిపే దాంట్లో, పుష్‌రాడ్ 50 థౌ పెంచితే రాకర్ ఇరుసు స్టడ్ మీద సుమారు 30 థౌ లేస్తుంది. అందుకే ఐదూ పది థౌ మార్చి గీతలో తేడా కోసం వెతకడం వృథా. 50 థౌ అడుగులతో వెళ్లి, మంచి చోటు దొరికాక దానికి అటూ ఇటూ 25 థౌ చూస్తే చాలు. ఎగ్జాస్ట్‌కూ విడిగా కొలవండి. తర్వాత ఇంజిన్ నాలుగు మూలల్లో ఒక్కో సిలిండర్ దగ్గర పరీక్షించండి, మిగతా మూడు చోట్లా వాల్వులకు చెకింగ్ స్ప్రింగులు మార్చుకుంటూ. బ్లాక్ పైభాగాన్ని ఏటవాలుగా కోసిన షాపులు ఉన్నాయి, అది ఇక్కడ దొరికిపోతుంది.

ఫ్యాక్టరీ రేకు రాకర్లే వాడుతుంటే కొనలో రోలర్ ఉండదు, వంపు తిరిగిన మెట్ట ఉంటుంది. గీత ఎలాగూ వెడల్పుగానే వస్తుంది. అది కొన మధ్య భాగంలో ఉండి అంచులకు దూరంగా ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే కూడిక ఒకటి ఉంది. మీరు కొలిచింది సందు పోయిన స్థితిలో, గట్టి లిఫ్టర్‌తో. అసలు హైడ్రాలిక్ లిఫ్టర్‌లో ప్లంజర్ 20 నుంచి 60 థౌ దాకా లోపలికి నొక్కుకుని ఉండాలి, లిఫ్టర్ తయారీదారు చెప్పిన అంకె ఏదైతే అది. ఈ నొక్కుడునే ప్రీలోడ్ అంటారు, దాన్ని కొలిచిన పొడవుకు కలపాలి. కలపకుండా అదే పొడవు కొని, తర్వాత నట్టు అర చుట్టు దించారనుకోండి, 3/8 స్టడ్ మర అంగుళానికి 24 కాబట్టి రాకర్ 21 థౌ కిందికి వస్తుంది, ప్లంజర్ దగ్గర అది సుమారు 35 థౌ అవుతుంది. అంటే మీరు అంత కష్టపడి వెతికిన రాకర్ ఎత్తు పోయినట్టే. మా పికప్‌కు అన్నిటికన్నా సన్నని గీత 7.920 దగ్గర వచ్చింది, 30 థౌ ప్రీలోడ్ కలిపితే 7.950. ఆ సైజు మామూలుగానే దొరుకుతుంది, చాలా కంపెనీలు 50 థౌ తేడాతో సైజులు పెడతాయి. మధ్య సైజు కావాలంటే చేయించుకోవచ్చు. గట్టి లిఫ్టర్ క్యామ్ అయితే ప్రీలోడ్ ఉండదు, క్యామ్‌తో వచ్చే కార్డులో ఇచ్చిన సందు పెట్టి కొలిస్తే చాలు.

పొడవు ఎలా కొలిచారో ఆర్డర్‌లో రాయడం కూడా అంతే ముఖ్యం. పుష్‌రాడ్ కొన గుండ్రటి బంతి, దాని నెత్తిన ఆయిల్ రంధ్రం ఉంటుంది. వెర్నియర్ ఆ రంధ్రం అంచు మీద ఆనుతుంది, బంతి ఊహాకొన మీద కాదు. 5/16 బంతికి 0.100 రంధ్రం ఉంటే ఒక్కో చివర 8 థౌ చొప్పున మొత్తం 16 థౌ తక్కువ చూపిస్తుంది. కొన్ని కంపెనీలు రంధ్రం లేనట్టుగా ఊహించి పొడవు చెబుతాయి, కొన్ని వెర్నియర్‌కు వచ్చిందే చెబుతాయి. చెకింగ్ పుష్‌రాడ్ మీద రాసిన అంకె ఏ లెక్కలోదో దాని కాగితంలో చూడండి. వీలైతే పుష్‌రాడ్లు కూడా ఆ కంపెనీవే కొనండి, గొడవ ఉండదు.

చెకింగ్ స్ప్రింగులు ఉండగానే మరో రెండు పనులు కానివ్వండి. పూర్తి లిఫ్ట్ దగ్గర ఆపి, పుష్‌రాడ్ హెడ్ రంధ్రానికి గానీ, దాన్ని పక్కకు పోకుండా పట్టే గైడ్ ప్లేటుకు గానీ రాసుకుంటోందేమో చూడండి. గైడ్ ప్లేట్లు వాడితే హార్డెన్ చేసిన పుష్‌రాడ్లే కొనాలి, మామూలువి కోసుకుపోయి ఇనుప పొడి ఆయిల్‌లో కలుస్తుంది. రాకర్ సందులో స్టడ్ చుట్టూ ఒక పేపర్ క్లిప్ తీగ దూరాలి, రాకర్ అడుగుకూ రిటైనర్‌కూ మధ్య కూడా అంతే. పిస్టన్ పైకి వచ్చే చోట వాల్వ్‌ను వేలితో నొక్కి, డయల్ గేజ్‌తో పిస్టన్‌కు ఎంత దూరం ఉందో కొలవండి. ఇంటేక్‌కు 80 థౌ, ఎగ్జాస్ట్‌కు 100 థౌ కన్నా తగ్గకూడదు.

కొత్త పుష్‌రాడ్లు వచ్చాక డబ్బా మీద అంకె నమ్మి ఎక్కించేయకండి. పదహారింటినీ వెర్నియర్‌తో కొలిచి, గాజు పలక మీద దొర్లించి వంపు చూసి, ప్రతి రంధ్రంలోంచి కార్బ్ క్లీనర్ కొట్టి అటువైపు ధారగా వస్తోందో లేదో చూడండి. తయారీలో మిగిలిన లోహపు పొడి ఆ రంధ్రాల్లోనే దాక్కుంటుంది. అసలు స్ప్రింగులు, అసలు లిఫ్టర్ వేసిన తర్వాత ఒకటో సిలిండర్ ఇంటేక్‌కు మళ్లీ రంగు పూసి, ప్రీలోడ్ పెట్టి, రెండు చుట్లు తిప్పి చూడండి. ఆయిల్ నిండని లిఫ్టర్ ఇప్పుడు కూరుకుపోతుంది గనుక గీత ఈసారి కొద్దిగా తేడాగా వస్తుంది. ఎంత తేడా అన్నది పట్టించుకోనక్కర్లేదు, అంచుకు దూరంగా ఉంటే మిగతా పదిహేనూ ఎక్కించేయవచ్చు.